రూతమ్మ చూపించిన ఇసుక

మా ఊళ్ళో ఎవరికైనా దయ్యం పట్టిందంటే వేపమండలు తెచ్చేవాళ్ళు, సాంబ్రాణి వేసేవాళ్ళు, ఆ మనిషిని పట్టుకోవడానికి నలుగురు మగవాళ్ళను పిలిచేవాళ్ళు. నన్ను మాత్రం పిలిచేవాళ్ళు కాదు. మధ్యలో నవ్వేస్తానని. నిజంగానే నవ్వేవాణ్ణి. దయ్యమని చెప్పి ఆడపిల్లలను కొడతారే గానీ, దయ్యాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. నేను రాస్తున్నది దయ్యం సంగతి కూడా కాదు. ఒక ఆడమనిషి మీద నేను వేసిన నింద సంగతి. ఆ నింద మా మిట్టేమరిలో, బాగేపల్లిలో, చిక్కబళ్ళాపురంలో ఇంకా నిజమన్నట్టే చెప్పుకుంటున్నారు. దాన్ని తుడిచివేయాలంటే జరిగింది జరిగినట్టు చెప్పాలి. జరిగిన దాంట్లో నాకు అర్థం కానిది ఒకటుంది. దాన్ని పక్కన పెట్టి మిగిలినది మాత్రమే చెప్పడానికి వీల్లేదు.

యుద్ధం జరుగుతున్న రోజులవి. పెట్రోలు లేక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. మాకు వాన మీద ఆధారపడ్డ చేలు, రాగి, సెనక్కాయ. నాకప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. నా భార్య గంగులమ్మకు ముప్పై రెండు. ఒక్కతే కూతురు. ఆ తరువాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఇంకొక్క మగబిడ్డ కావాలని గంగులమ్మ మొక్కని దేవుడు లేడు.

బిడ్డ రాలేదు. నెత్తురు వచ్చింది. మూడు రోజుల ముట్టు వారమైంది, వారం ఇరవై రోజులైంది. మా ఇళ్ళలో ముట్టయిన మనిషి లోపలికి రాకూడదు. గొడ్ల కొట్టం పక్కన చిన్న వసారా ఉంటుంది, అక్కడ ఉండాలి, అక్కడే పడుకోవాలి. మూడు రోజుల కోసం పెట్టుకున్న ఆచారం అది. నెత్తురు ఆగని మనిషిని ఏం చేయాలో అందులో లేదు. ఏడాదిన్నరలో గంగులమ్మ ఇంట్లో పడుకున్న రోజులు చాలా తక్కువ. ఎద్దుల పక్కనే ఆమె కాపురం.

ఒకరోజు మా అమ్మకు జ్వరం వచ్చింది. వంట చేసేవాళ్ళు లేరు, పిల్ల ఆకలని ఏడ్చింది. గంగులమ్మ లోపలికి వచ్చి పొయ్యి వెలిగించి సంగటి ఎక్కించింది. నేను చేని నుంచి వచ్చేసరికి మా అమ్మ మంచం మీద నుంచే అరుస్తోంది, ఇల్లంతా మైల చేసిందని. నా చేతిలో చర్నాకోల ఉంది. పొయ్యి దగ్గర మొదలుపెట్టి వాకిలి దాకా కొట్టుకుంటూ తీసుకుపోయాను. జుట్టు పట్టి గడప దాటించాను. పడిపోయినా ఆపలేదు. నేల మీది నెత్తురులో దెబ్బలది ఏదో, ముట్టుది ఏదో నాకు తెలియలేదు.

ఆమె చేతిలో సంగటి గెలికే కట్టె అలాగే ఉంది. అంత దెబ్బల్లోనూ దాన్ని నేలకు తగలనివ్వలేదు. సంగటి పిల్లకు పనికి రాకుండా పోతుందని.

దానికి పది రోజుల తరువాత ఆమె కొట్టంలో స్పృహ తప్పి పడిపోయింది. బండి కట్టి బాగేపల్లి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు కంటి రెప్ప కిందకు లాగి చూసి, వెంటనే చిక్కబళ్ళాపురం మిషన్ ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు.

ఆ ఆసుపత్రిలో డాక్టరు ఒక దొరసాని. కన్నడం బాగా మాట్లాడేది, తెలుగు రాదు. గంగులమ్మకు కన్నడం అంతంత మాత్రం. అందుకని ఆడవాళ్ళ వార్డులో ఆయాగా పనిచేసే రూతమ్మ ఆ మాట ఈమెకు, ఈ మాట ఆమెకు చెప్పేది. రూతమ్మ చింతామణి మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది.

గర్భసంచిలో కొబ్బరికాయంత గడ్డ ఉందన్నారు. సంచి మొత్తం తీసివేయాలి, లేకపోతే నాలుగైదు నెలల కంటే బతకదన్నారు. కానీ వెంటనే కోయడానికి ఒంట్లో నెత్తురు లేదు. మూడు వారాలు మంచం మీదే ఉంచారు. మేక కార్జం ఉడికించిన రసం, ఇనుము కలిపిన మందు, పాలు, గుడ్లు. మా ఇంట్లో కొట్టంలో పడుకున్న మనిషి అక్కడ తెల్ల దుప్పటి మీద పడుకుంది. దుప్పటి మైలైతే రూతమ్మ మార్చేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

సంచి తీస్తున్నామని ఆమెకు చెప్పాలని దొరసాని పట్టుబట్టింది. నేను వద్దన్నాను. మళ్ళీ బిడ్డ పుట్టదని తెలిస్తే గంగులమ్మ మంచం దిగి ఇంటికి నడుస్తుంది, దోవలోనే చస్తుంది. అది నాకు తెలుసు. ఇప్పటికీ ఆ మాట తప్పనుకోను. తప్పు తరువాత చేశాను. చివరికి నేనే చెప్తానని దొరసానికి మాటిచ్చాను. బయటికి వచ్చి రూతమ్మను ఆపాను.

"గడ్డ ఒకటే తీస్తారని చెప్పు. సంచి మాట ఎత్తొద్దు."

"నా నోట్లోనుంచి రాదులే అప్పా. అయితే నువ్వు చెప్పల్ల. కడుపు ఆయమ్మది గదా."

"బతికినాంక చెప్తా."

"బతికినాంక ఎవరూ చెప్పరప్పా," అంది రూతమ్మ.

ఆపరేషన్ ముందురోజు ఎనిమా ఇచ్చారు. కడుపు మీద, కింద వెంట్రుకలు గీశారు. రూతమ్మ వేడినీళ్ళతో ఒళ్ళంతా కడిగి, గోళ్ళు చివరికంటా కత్తిరించింది. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు తీయాలన్నారు. మెట్టెలు తీసేటప్పుడు గంగులమ్మ ఏడ్చింది. రూతమ్మ ఆమె కాలి వేలు పట్టుకొని, "యాడుస్తావెందుకమ్మా? నీ మొగుడు ఆడ గోడ మాదిరి నిలబడే ఉండాడు, యాడికీ పోలేదు. నేనే తోమి పెడతా, నేనే తొడుగుతా," అని నవ్వించింది. మెట్టెలు గుడ్డలో కట్టి నా చేతికిచ్చింది.

గంగులమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"గడ్డ ఒకటే గదా?"

"ఒకటే."

"గడ్డ పోతే మళ్ళా కడుపు నిలస్తాదంట గదా?"

"నిలస్తాది," అన్నాను. సంచి మాట ఆమెకు చెప్పానని, ఆమె ఒప్పుకుందని దొరసానితో అన్నాను. భర్త ఒప్పుకున్నట్టు రాసిన ఒప్పిగె కాగితం మీద సంతకం పెట్టాను.

మరుసటి రోజు పొద్దున ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం దొరసాని ఒక పింగాణీ గిన్నెలో తీసినదాన్ని చూపించింది. ఎర్రగా, ఒక పక్క ఉబ్బి ఉంది. నా ముగ్గురు పిల్లలు ఉండి వచ్చిన చోటు. దాన్ని నాకివ్వమని అడిగాను.

ఎందుకు అడిగానో చెప్పాలి. మా వైపు కాన్పయ్యాక పడిన మాయను ఎక్కడపడితే అక్కడ వేయరు. పెరట్లో మోకాలి లోతు గుంత తీసి పూడుస్తారు. పైన బండరాయి పెడతారు, రాయి మీద ముళ్ళకంప వేస్తారు. కుక్క ముట్టితే తల్లికి కీడని ఆడవాళ్ళ నమ్మకం. బయలుదేరేటప్పుడు మా అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది: "కడుపులోది ఏదన్నా తీస్తే ఆడ పారేయనీయొద్దు. మాయ ఎట్లనో అదీ అట్లే. మన మంట్లోకే రావల్ల."

నాకు నమ్మకం లేదు. కానీ అమ్మ మాట దాటలేదు. దొరసాని మెత్తటి గుడ్డలో చుట్టించి ఇచ్చింది. బజారులో కొత్త కుండ కొన్నాను. ఉప్పు, పసుపు వేసి అందులో పెట్టాను. గంగులమ్మ వచ్చేటప్పుడు కట్టుకున్న పచ్చ చీర అంచు చించి మూతి కట్టాను. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఎలాగూ ఉండనివ్వరు, రూతమ్మ చూసుకుంటుంది, ఒక్క రోజులో వచ్చేస్తాను అనుకొని మరుసటి తెల్లవారే బస్సెక్కాను.

దోవలో నా ఆలోచన మారింది. కుండ ఇంటికి తీసుకుపోతే అమ్మ మూత విప్పి చూస్తుంది. పది కాన్పులు చేసిన చేయి ఆమెది, గడ్డకూ గర్భసంచికీ తేడా తెలుస్తుంది. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. గొడ్డుదైపోయింది, ఇంకో పిల్లను చూడండి అంటారు. నాకు భార్య మీద జాలి కంటే ఊరంటే సిగ్గు ఎక్కువగా ఉంది. ఊరికి ముందున్న వంకలో పూడ్చి వట్టి చేతులతో ఇంటికి పోదామనుకున్నాను.

బాగేపల్లిలో బస్సు మారాను. ఆ దోవలో చింతామణి బస్సు నడిపే డ్రైవరు నాకు తెలిసినవాడే. ఒళ్ళో కుండ చూసి వదల్లేదు.

"ఏం రామప్పా, ఒళ్ళోనుంచి దించవే! పెండ్లాం ఆసుపత్రిలో ఉంటే నువ్వు నెయ్యి మోసుకొని యాడికి?"

"మందు," అన్నాను.

"అంత కుండెడు మందా? ఎద్దుకా, మనిషికా?"

బస్సులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా తొడల మీద కుండ వెచ్చగా తగులుతోంది, ఎండకేనేమో.

వంక దగ్గర దిగిపోయాను. బస్సూ అక్కడే ఆగింది, గ్యాసు సరిగా రావడం లేదని. డ్రైవరు గడియారం చూసుకొని, "ఈడనే పన్నెండాయె, ఈ బొగ్గుల మిషను నన్ను సంపతాది," అని తిట్టుకుంటూ దిగి బొగ్గు కుదిలించడం మొదలుపెట్టాడు. ఎండాకాలం, వంకలో చుక్క నీళ్ళు లేవు. అంతా ముతక ఇసుక, మధ్యమధ్య అభ్రకం తళుకులు. దోవ నుంచి వంద అడుగులు లోపలికి నడిచాను.

పార లేదు. చేతులతోనే తవ్వాను. మూరెడు కూడా తవ్వలేదు. బస్సులోవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఒడ్డున బండరాళ్ళున్నాయి, తుమ్మకంప ఉంది. తెచ్చి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? కానీ రాయి పెట్టి కంప వేస్తే ఏం పూడ్చానో చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. ఇసుక కప్పి, కాలితో చదును చేసి వచ్చేశాను.

ఒడ్డు ఎక్కి కానుగ చెట్టు కింద కూర్చున్నాను. కుండ పగిలిన చప్పుడు వినిపించింది.

రెండు కుక్కలు. ఒకటి నలుపు. ఇంకొకటి ఎర్రది, కుడి చెవి సగం లేదు. పచ్చ గుడ్డ అప్పటికే ఇసుకలో పడి ఉంది. రెండూ దాన్ని చెరో పక్క పట్టుకొని గుంజుతున్నాయి.

ఒక తుమ్మకట్టె అందుకొని దూకాను. నల్లదాని నడుము మీద కొట్టాను, అది నోటికి వచ్చినంత తెంపుకొని పారిపోయింది. ఎర్రది వదల్లేదు. నేను ఒక చేత్తో లాగుతూ ఒక చేత్తో కొట్టాను. కట్టె విరిగింది. రాయి తీసుకున్నాను. మూతి మీద కొట్టాను, కన్ను మీద కొట్టాను. పళ్ళు ఊడి పడుతున్నా దవడ తెరవలేదు. గట్టు మీద నుంచి డ్రైవరు అరిచాడు. "రామప్పా! ఎనక! ఎనక చూడప్పా!" నన్ను వెనక్కి జరగమంటున్నాడనుకున్నాను. తిరిగి చూడలేదు. దాని తల పగిలి మెదడు ఇసుకలో కలిసేదాకా కొట్టాను. చచ్చాక కూడా కొట్టాను. కొడుతున్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటలు, ఆ రోజు వాకిట్లో గంగులమ్మను అన్న మాటలే.

మిగిలినదాన్ని తీసి మళ్ళీ గుంతలో వేశాను. కుక్కనూ అదే గుంతలోకి తోశాను. ఇప్పుడు రాళ్ళు మోసుకొచ్చాను, కంప వేశాను. తల ఎత్తేసరికి బస్సు వెళ్ళిపోయింది.

ఇంట్లో అమ్మతో, తీసింది ఆసుపత్రివాళ్ళే పూడ్చేశారని చెప్పాను. అమ్మ గొణుక్కుంటూ నన్ను చుట్టూ చూసి, "పంచె ఎనకపక్క చినిగిందే, యాడ తగులుకొనె?" అంది. కంపకన్నాను. నెత్తురు మరకలకు కుక్క కరవబోతే కొట్టానన్నాను.

మరుసటి రోజు సాయంత్రానికి చిక్కబళ్ళాపురం చేరాను. వార్డు వరండాలో నన్ను చూసి ఒక నర్సు దొరసానిని పిలవడానికి పరిగెత్తింది.

దొరసాని చెప్పింది ఇది. నిన్న మధ్యాహ్నం గంజి గంట కొట్టిన కొద్దిసేపటికి, అంటే పన్నెండు దాటాక, అప్పటిదాకా కళ్ళు మూసుకొని ఉన్న గంగులమ్మ ఒక్కసారిగా కేక వేసి లేచింది. కట్టు పీకేసింది. రెండు చేతులతో కడుపు మీద దేన్నో లాగుతున్నట్టు, ఎవరి నోట్లోనుంచో లాక్కుంటున్నట్టు చేసింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. కుట్లు ఆరు తెగాయి. రూతమ్మ ఆమె మణికట్లు పట్టుకొని మంచానికి అదిమితే రూతమ్మ మోచేయి కొరికింది. మళ్ళీ మత్తు పూర్తిగా ఇవ్వడానికి ఒంట్లో సత్తువ లేదు. సగం మత్తులోనే మళ్ళీ కుట్టారు. ఇప్పుడు జ్వరం. చెప్పలేమంది.

నొప్పికి ఇచ్చిన మత్తుసూది దిగేటప్పుడు కొందరు అలా అరుస్తారని కూడా దొరసానే చెప్పింది. కానీ ఆమె అరిచినదేమిటో రూతమ్మ నోట విన్నాను.

"'కుక్కలు, కుక్కలు, నా సంచిని పీకతాండాయి. ఎర్రది ఇడవలేదు, అరచెవి కుక్క' అని ఒకటే అరుపప్పా. 'రాయి పెట్టలే, కంప ఎయ్యలే, ఇసకలో పెట్టిపాయె' అనె."

దొరసానికి అందులో ఒక్క ముక్కే అర్థమైంది, సంచి. ముందే చెప్పి ఒప్పించానన్నావే, మరి సంచి కోసం ఇలా ఎందుకు అరిచిందని నన్ను అడిగింది. నేను చెప్పానన్న మాట అబద్ధమని ఇప్పుడు ఒప్పుకోవాల్సి వచ్చింది. మరి సంచి తీశారని ఈమెకు ఎవరు చెప్పారని అడిగింది. వార్డులో తెలుగు మాట్లాడేది రూతమ్మ ఒక్కతే. అందరూ ఆమె వైపు చూశారు. "నేను చెప్పలేదమ్మా," అని రూతమ్మ కన్నడంలో దొరసానికి, తెలుగులో నాకు చెప్పింది.

తరువాత నన్ను వరండా చివరికి పిలిచింది. కొంగులో నుంచి ఒక కాగితం పొట్లం తీసి విప్పి నా ముందు పెట్టింది.

ఇసుక. చిటికెడు కాదు, గుప్పెడు. ముతక ఇసుక, అభ్రకం తళుకులు.

"ఆయమ్మ పిడికిట్లో ఉండె. మంచం మింద ఉండె. గోర్లు నేనే కత్తిరిస్తిని, చేతులు నేనే కడిగితిని. మంచం దిగలేదు ఆయమ్మ. ఈ ఇసక యాడిదప్పా?" అంది. గొంతు తగ్గించి, "దాన్ని నువ్వు యాడ పెట్టితివి?" అని అడిగింది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. అందుకే కొట్టాను. చెంప మీద మొదటి దెబ్బకే పొట్లం ఎగిరిపోయింది. గోడకు ఆనుకున్న మనిషిని మళ్ళీ కొట్టాను. ఆమె మోచేతికి కట్టు ఉంది, నా భార్య కొరికిన చోట. ఆ చేయి అడ్డం పెట్టుకుంటే ఆ చేతి మీదే కొట్టాను. నువ్వే చెప్పావు, నువ్వే నా పెండ్లాన్ని చంపుతున్నావు అని అరిచాను. జనం వచ్చారు. నలుగురి ముందు అదే చెప్పాను. దొరసాని ముందు అదే చెప్పాను. రూతమ్మ నోరు ఆపుకోలేక చెప్పింది, అది విని గంగులమ్మ కుట్లు తెంపుకుంది అని.

రూతమ్మ కింద చూసింది. ఇసుక అప్పటికే వచ్చినవాళ్ళ కాళ్ళ కింద చెల్లాచెదురైంది. ఆ సాయంత్రమే ఆమెను పని నుంచి తీసేశారు. గంగులమ్మ మెట్టెలు తోమి తొడగడానికి రూతమ్మ లేదు.

కుట్లు పగిలి చీము పట్టింది. రోజూ గాయంలో గుడ్డ వత్తి పెట్టి తీసేవాళ్ళు, ఆ అరుపులు బయటి చెట్టు కింద ఉన్న నాకు వినిపించేవి. కొత్తగా వచ్చిన తెల్ల మాత్రలేవో మింగించారు. ఇరవై రెండో రోజు జ్వరం దిగింది. రెండు నెలలకు ఇంటికి తెచ్చుకున్నాను. బిందె ఎత్తకూడదు, మెట్లు ఎక్కకూడదు, నడుముకు గుడ్డ బిగించి కట్టుకోవాలి.

నెత్తురు ఆగిపోయింది. ఏడాదిన్నర తరువాత గంగులమ్మ తిట్లు తినకుండా గడప దాటి లోపలికి వచ్చింది, పొయ్యి ముందు కూర్చుంది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆమె ఏమీ అడగలేదు. రూతమ్మ అన్నది నిజమే, బతికినాక ఎవరూ చెప్పరు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వంక రెండుసార్లు పొర్లింది. రాళ్ళు, కంప, అన్నీ కొట్టుకుపోయాయి. సెనక్కాయ పీకే నాటికి ఆమెను బండి మీద చేనికి తీసుకుపోతున్నాను. వంకలోకి దిగగానే బండి ఆపమంది. దిగి, దోవ వదిలి, వంద అడుగులు నడిచి ఒకచోట నిలబడింది. అక్కడ వట్టి ఇసుక. నాకే ఆ చోటు గుర్తు పట్టడం కష్టం.

"కుక్కను గూడా ఈడనే పెడితివా?" అంది.

నేను ఎద్దుల పగ్గాలు వదిలేసి ఆమె దగ్గరికి నడిచాను. తరువాత అంతా చెప్పాను. గడ్డ కాదని, సంచి అని, కుండ సంగతి, రాయి సంగతి. రూతమ్మను కొట్టిన సంగతీ చెప్పాను. దానికే ఆమె ఏడ్చింది. మిగిలిన దేనికీ ఏడవలేదు.

"ఆయమ్మ నా చేతులు పట్టుకొనింది గాబట్టి బతికితిని. ఆమెను కొట్టితివా? నన్ను కొట్టేది చాలలేదా నీకు? పో, పోయి చెప్పు."

నేను పోలేదు. ఒక ఏడాది కాదు, ఆరేళ్ళు. యుద్ధం ముగిసింది, స్వరాజ్యం వచ్చింది, మా అమ్మ పోయింది, కూతురి పెళ్ళయింది. ఎవరైనా ఆసుపత్రి మాట ఎత్తితే, ఆయా నోరు జారి గంగులమ్మ ప్రాణం మీదికి తెచ్చిందట కదా అనేవాళ్ళు. నేను అవుననేవాణ్ణి. ఆ మాట అన్న ప్రతిసారీ గంగులమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది.

పోయిన నెల చింతామణి వెళ్ళాను. రూతమ్మను వెతికి పట్టుకున్నాను. పట్టు తీసే షెడ్డులో, మరుగుతున్న నీళ్ళలో పట్టుపురుగుల గూళ్ళు తిప్పుతోంది. వేళ్ళు ఉబ్బి, తోలు ఊడి, తెల్లగా ఉన్నాయి. ఆయా పనికి మరి ఏ ఆసుపత్రీ తీసుకోలేదట, రోగుల గుట్టు బయట పెడుతుందని పేరు పడింది కాబట్టి. నన్ను చూసి గుర్తుపట్టింది. మొదట అడిగింది, "ఆయమ్మ బాగుండాదా?" అని.

బాగుందన్నాను. తప్పు నాదన్నాను. ఇసుక మా ఊరి వంకదని చెప్పాను.

"నాకు తెలుసప్పా," అంది, చేయి నీళ్ళలోనుంచి తీయకుండానే. "నువ్వు కొట్టినప్పుడే తెలిసె. తెలీనోడు అట్ల కొట్టడు."

దొరసానికి చెప్తానన్నాను. దొరసాని వాళ్ళ సీమకు వెళ్ళిపోయి చాన్నాళ్ళయిందంది. క్షమించమన్నాను. ఆమె ఇంకో పిడికెడు గూళ్ళు నీళ్ళలో వేసింది.

"సదువుకున్నోనివి గదా. నలుగురిలో అంటివి, నలుగురికీ తెలిసేట్టు రాయి," అంది.

రాశాను. నిన్న పొద్దున ఇదంతా గంగులమ్మకు చదివి వినిపించాను. రాగులు చెరుగుతూ విన్నది. కుక్కల దగ్గరికి వచ్చేసరికి చేట ఆపింది.

"రెండు కాదు," అంది. "మూడు. ఒకటి నీ ఎనక ఉండె. పెద్దది. నీ పంచె పట్టుకొని గుంజతా ఉండె. నువ్వు తిరిగి చూడలేదు. దాన్ని నేనే ఇడిపిస్తిని."

మళ్ళీ చేట అందుకుంది.

చినిగిన పంచె మాట ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. అడిగిన మా అమ్మ ఇప్పుడు లేదు. వెనక చూడమని అరిచిన డ్రైవరు పని మానేసి బెంగళూరు వైపు వెళ్ళిపోయాడు, ఎక్కడున్నాడో తెలియదు. నేను చూసింది రెండు కుక్కలనే. అందుకే పైన రెండనే రాశాను, దిద్దలేదు. ఆమె చెప్పినదీ ఇక్కడ రాశాను. నలభై మైళ్ళ దూరంలో, కుట్లతో మంచం మీద ఉన్న మనిషి పిడికిట్లోకి మా వంక ఇసుక ఎలా వచ్చిందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను.

రూతమ్మ గంగులమ్మకు ఏమీ చెప్పలేదు. ఇంత దాంట్లో నాకు తెలిసింది అదొక్కటే.